ఊరికే నిలబడ్డ ఎనిమిది నిమిషాలు

నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా రూళ్లకర్ర అంటే తెలియనివాళ్లు లేరు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెంటనే పలకడు. గుండ్రటి చెక్క రూళ్లకర్ర చేతిలో లేకుండా ఆయన ఒక్క కాగితం ముట్టడు. సెలవు చీటీ రాసుకున్నా నాలుగువైపులా గీతలు కొట్టాల్సిందే. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన రాసిన రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత లేదు. ఆ సంగతి ఆయనంతట ఆయన ఎవరికీ చెప్పుకోడు గాని, ఎవరైనా చెబుతుంటే మాత్రం ఆపడు.

అలాంటి మనిషి నెత్తిన ఒక కొత్త పని పడింది. వాల్వులు తిప్పే ఉద్యోగానికి ఇకమీదట సర్టిఫికెట్ చదువు అక్కర్లేదనీ, ఏం చదివారని అడగకుండా ఏం చేయగలరో చూసి తీసుకోమనీ పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆఫీసులో సగంమంది "ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది" అని నవ్వారు. మిగతా సగం "అయితే మన చదువులన్నీ బూడిదలో పోసిన పన్నీరేనా" అని ముఖాలు మాడ్చుకున్నారు. రూళ్లకర్ర ఏ సగంలోనూ చేరలేదు. ఉత్తర్వుకు నంబరు వేసి, ఫైల్లో కట్టి, తన పనిలో పడ్డాడు.

అయితే ఏం చేయగలరో చూడాలంటే పరీక్ష పెట్టాలి. పరీక్ష పెట్టాలంటే ఆ పనిలో ఏమేం ఉంటాయో ఎవరో ఒకరు కూర్చుని వరసగా రాయాలి. ఆఫీసుకు పెద్ద అయిన ఇంజనీరమ్మ అందుకోసం అటూ ఇటూ వెతకలేదు.

"మీకంటే ఒద్దికగా రాసేవాళ్లు ఇక్కడెవరున్నారండీ? మూడు వారాలు వాల్వక్క వెంట తిరగండి. ఆమె ఏం చేస్తే అది రాయండి. అదే పరీక్ష" అంది.

వాల్వక్క పదిహేడేళ్లుగా దినకూలీ మీద ఆ పని చేస్తోంది. కొండమీది ట్యాంకు నుంచి పెద్ద పైపు ఒకటి దిగి, ఆఫీసు పక్కగా వెళ్లి, వీధి మలుపులో ఉన్న వాల్వు గుంతలో చేరుతుంది. అక్కడినుంచే కింది పేటలకు నీళ్లు. పొద్దున్నే ఆ వాల్వు విప్పేదీ, పదిన్నరకు కట్టేసేదీ ఆమే. ఆమె మామగారూ ఆ పనే చేసేవాడు. సర్టిఫికెట్ లేదు కాబట్టి పదిహేడేళ్లలో ఒక్కసారి కూడా ఆమె పేరు ఏ జాబితాలోకీ ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కింది. ఉన్నది ఒకే ఒక్క ఉద్యోగం, పోటీకి ఏడుగురు. నెగ్గినవాళ్లు పర్మినెంటు. నెలాఖరుతో దినకూలీ పద్ధతే ఎత్తేస్తున్నారు గనక నెగ్గకపోతే వాల్వక్క ఇంటికే. ఆమెకు నలభై ఆరేళ్లు, వయసు సడలింపు ఈ ఒక్కసారికే. ఈ పరీక్ష పోతే ఆమెకు ఇంకో పరీక్ష లేదు.

మొదటిరోజు రూళ్లకర్ర గొడుగు, గడియారం, పెన్సిలు, రఫ్ నోటుబుక్కు పట్టుకుని వాల్వు గుంత దగ్గర హాజరయ్యాడు.

"ఏంటి సార్, నాకు కాపలానా?" అంది వాల్వక్క.

"కాదక్కా, మీరు చేసేది రాసుకోవాలి. మీ పని మీరు చేసుకుపోండి. నేను లేననుకోండి."

"ఇంత గొడుగేసుకుని నెత్తిమీద నిలబడితే లేరనుకోవడం ఎలా సార్?"

ఆయన గొడుగు ముడిచేశాడు. ఎండలో నిలబడి రాయడం మొదలుపెట్టాడు. వాల్వక్క కొక్కెం వేసి గుంత మీది ఇనుప మూత లేపింది. రెండడుగులు వెనక్కి జరిగి, లోపలి ముక్క గాలి పోయేదాకా ఆగింది. పురుగూ పుట్రా ఉంటే పోతాయని కర్రతో గుంత గోడలు తట్టింది. మనిషెత్తు ఉండే ఇనుప చావి తెచ్చి, దాని మూతి గుడ్డతో తుడిచి, వాల్వు తల మీద కూర్చోబెట్టింది. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంది. గుడ్డ మడిచిందని కూడా ఆయన రాసుకున్నాడు. నీళ్లు కట్టేయడానికి తిప్పడం మొదలుపెట్టింది. మొత్తం ముప్పై రెండు చుట్లు.

అందులోనే వచ్చింది చిక్కు. ఆమె నాలుగు చుట్లు తిప్పి ఆగేది. చావి పిడి మీద రెండు చేతులూ వేసి, తల కాస్త వంచి, ఊరికే నిలబడేది. మళ్లీ నాలుగు చుట్లు, మళ్లీ ఆగడం. చివరికి వచ్చేసరికి చుట్టుకోసారి ఆగేది. రూళ్లకర్ర గడియారం చూసి లెక్క కట్టాడు. మొత్తం పంతొమ్మిది నిమిషాలు. తిప్పడానికి పదకొండు, నిలబడటానికి ఎనిమిది. రఫ్ నోటుబుక్కులో "8 ని. ఊరికే నిలబడటం" అని రాసుకున్నాడు. మర్నాడూ అంతే. మూడు వారాలూ అంతే.

ఎందుకు ఆగుతున్నారని అడిగితే ఒక్క ముక్కలో తేలిపోయేది. కానీ మర్యాద అడ్డొచ్చింది. పాపం అలిసిపోతోంది అనుకున్నాడాయన. ఆడమనిషిని, అందులోనూ తనకంటే ఏడాది పెద్దదాన్ని, అలిసిపోయారా అని మొహం మీద ఎలా అడుగుతాడు? ఆమె ఆగినప్పుడల్లా తాను చూడనట్టు తల తిప్పుకుని ఎదురింటి కిటికీ చువ్వలు లెక్కపెట్టేవాడు. ఆ కిటికీకి ఇరవై ఆరు చువ్వలని ఈ లోకంలో ఆయన ఒక్కడికే తెలుసు.

ఇక సాపు కాపీ రాసే రోజు వచ్చింది. ఆ ఎనిమిది నిమిషాల దగ్గర ఆయన కలం ఆగింది. ఉన్నదున్నట్టు రాస్తే ఏమంటారు? "వయసు మీదపడింది, నాలుగు చుట్లకోసారి రొప్పుతోంది, ఆమెకెందుకు ఉద్యోగం" అంటారు. పదిహేడేళ్లకు వచ్చిన ఒక్క అవకాశానికి తన చేత్తో తానే గండి కొట్టడం ఆయనకు ఇష్టం లేకపోయింది. పరీక్షనాడు ఎవరు మాత్రం ఆగుతారు, ఆ ఒక్కపూటా ఊపిరి బిగబట్టి తిప్పేస్తుంది లెమ్మనుకున్నాడు. ఆ నిలబడటం రాయకుండా వదిలేశాడు. పనిని నలభై ఒక్క మెట్లుగా రాసి, వాల్వు కట్టడానికి గడువు పన్నెండు నిమిషాలని వేసి, కింద జంట గీత కొట్టాడు. ఆ సాయంత్రం ఎవరికీ తెలియని పుణ్యం చేసినవాడిలా తేలిగ్గా ఇంటికి నడిచాడు. ఇలాంటి పుణ్యాత్ములతోనే లోకానికి సగం చిక్కులు.

పరీక్ష శుక్రవారం. గోదాము వెనక ఖాళీ స్థలంలో రెండు పైపు ముక్కలు పాతి, మధ్యలో పాత వాల్వు ఒకటి బిగించారు. అది ఎండు పైపు, చుక్క నీరు లేదు. కుర్చీల్లో ఇంజనీరమ్మ, ఇంకో శాఖ నుంచి వచ్చిన పెద్దమనిషి. గడియారం రూళ్లకర్ర చేతిలో.

"పన్నెండు నిమిషాలు. దాటితే ఈ భాగానికి సున్నా" అని ఇంజనీరమ్మ అందరికీ వినిపించేలా చెప్పింది. వాల్వక్క ఒక్కసారి రూళ్లకర్ర వైపు చూసింది. ఆ చూపు ఆయనకు అప్పుడు అర్థం కాలేదు.

మీటర్ల సెక్షన్‌లో పనిచేసే ఒకతను ముందు వచ్చాడు. ఏ పనైనా రయ్యిమని చేస్తాడని అతన్ని తారాజువ్వ అంటారు. ముప్పై రెండు చుట్లూ ఆరున్నర నిమిషాల్లో తిప్పేసి, చావి భుజాన వేసుకుని నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. తర్వాత వచ్చినవాళ్లు అతన్ని చూసి ఇంకా తొందరపడ్డారు. ఆఖరున వాల్వక్క.

నాలుగు చుట్లు తిప్పింది. ఆగింది. రెండు చేతులూ పిడి మీద వేసి తల వంచింది.

రూళ్లకర్ర గడియారాన్ని గుప్పిట్లో బిగించాడు. తిప్పు తల్లీ, ఈ ఒక్కసారికి ఆగకుండా తిప్పు అని లోపల్లోపల మొక్కుకున్నాడు. ఆమె తీరిగ్గా ఇంకో నాలుగు చుట్లు తిప్పి మళ్లీ ఆగింది.

"అందులో నీళ్లు లేవక్కా, ఎవరితో మాట్లాడుతున్నావ్?" అన్నారు వెనకనుంచి ఎవరో. నవ్వులు లేచాయి. ఆమె తల ఎత్తలేదు.

పన్నెండో నిమిషానికి ఇంకా పది చుట్లు మిగిలాయి. "టైమ్" అనాలి ఆయన. ముల్లు దాటిపోతున్నా చూస్తూ నిలబడ్డాడు. ఇంజనీరమ్మ దగ్గింది. అప్పుడన్నాడు, ఎవరికీ సరిగ్గా వినబడకుండా.

"సగంలో వదలకూడదు సార్" అని వాల్వక్క మిగతా పది చుట్లూ చుట్టుకోసారి ఆగుతూ కట్టి, చావి తీసి, దాని మూతి తుడిచి, గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంది. పంతొమ్మిది నిమిషాలు. సున్నా.

"నాకూ కష్టంగానే ఉందండీ, కానీ పన్నెండంటే పన్నెండే. మీరు రాసిన కాగితమే కదా. సోమవారం అయిదింటికి జాబితా అతికించేయండి" అంది ఇంజనీరమ్మ.

ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే కుర్చీలో కూలబడ్డాడు. ఆయన భార్య ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని నలుగురికీ బట్టలు కుడుతుంది. మొగుడి మొహం చూసి కొలతలు చెప్పేయగలదు.

"ఏమైందండీ? రిజిస్టరులో సిరా ఒలికిందా?"

ఆయన మింగలేక కక్కలేక కాసేపు ఊగి, చివరికి మొత్తం చెప్పాడు. ఆమె మిషను తొక్కుతూనే విన్నది.

"ఇంతకీ ఎందుకు ఆగుతోందో అడిగారా?"

"అలిసిపోయావా అని ఆడమనిషిని ఎలా అడగనూ?"

"అలిసిపోయావా అని ఎవరడగమన్నారు? ఎందుకు ఆగావని అడగొచ్చుగా. ఇటు చూడండి." ఆమె కాలరు మూల దాకా కుట్టి మిషను ఆపింది. సూది బట్టలోనే దించి, బట్టను నొక్కిపట్టే మిషను పాదం ఎత్తి, బట్ట తిప్పి, మళ్లీ పాదం దించింది. "చూసేవాళ్లకు నేను ఆగినట్టే కనబడుతుంది. ఆగకపోతే మూల రాదు. మీరొచ్చి రాస్తే ‘మూల దగ్గర బద్ధకించింది’ అని రాస్తారు."

"అంటే అది పనే అంటావా?"

"నాకేం తెలుసు? నాకు తెలిసింది సూది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మూడు వారాలు మనిషి పక్కన నిలబడి చువ్వలు లెక్కపెట్టుకొచ్చారు, భలేవారే."

మర్నాడు శనివారం. పది గంటలకల్లా రూళ్లకర్ర వాల్వు గుంత దగ్గరున్నాడు. చేతిలో నోటుబుక్కు లేదు, గొడుగు లేదు.

"అక్కా, ఒక మాట అడగనా?"

"అడగండి సార్. మూడు వారాలు చూశారు, ఒక్కటీ అడగలేదు. అన్నీ తెలుసేమో అనుకున్నాను."

"నాలుగు చుట్లకోసారి ఎందుకు ఆగుతారు?"

వాల్వక్క ఆయన మొహంలోకి చూసింది. ఎగతాళి కాదని తెలిశాక చావి దగ్గరినుంచి కొంచెం పక్కకు జరిగి నిలబడింది. "ఇలా రండి. పిడి పట్టుకోండి. గట్టిగా కాదు, ఊరికే చేయి వేసి ఉంచండి."

ఆయన చేయి వేశాడు. ఆమె నాలుగు చుట్లు తిప్పి ఆపింది. పిడిలో సన్నగా వణుకు. లోపలెక్కడో ఏదో గింజుకుంటున్నట్టు ఆయన అరచేయి జివ్వుమంది. కాసేపటికి వణుకు పలచబడి, పోయింది.

"పోయిందా? ఇప్పుడు ఇంకో నాలుగు. అంత ఎత్తునుంచి నీళ్లు పరుగెత్తుకొస్తుంటాయి సార్. మొహం మీద తలుపేస్తే ఊరుకుంటాయా? వెనక్కి తిరిగి కొడతాయి. ఎక్కడ జాయింటు బలహీనంగా ఉంటే అది ఊడుతుంది. అందుకే కాస్త కట్టాలి, అవి సర్దుకున్నాక ఇంకాస్త కట్టాలి. చివర్లో మరీ పొగరు మీదుంటాయి, చుట్టుకోసారి ఆగాలి. మా మామయ్య నేర్పాడు. ‘నీళ్లను గదమాయించకే అమ్మాయ్, నిన్ను నేనెప్పుడైనా గదమాయించానా’ అనేవాడు. గదమాయించేవాడే అనుకోండి, అది వేరే సంగతి."

"మరి నిన్న అందులో నీళ్లు లేవు కదక్కా. గబగబా తిప్పేస్తే సరిపోయేది."

"నువ్వు పని ఎలా చేస్తావో చూపించు అన్నారు. చూపించాను."

ఆయన పిడి మీదినుంచి చేయి తీశాడు. "గడువు చాలదని నాతో ఒక్క ముక్క చెప్పకపోయారా?"

వాల్వక్క చావి తిప్పడం ఆపలేదు. "మూడు వారాలు గడియారం పెట్టి చూసిన మనిషి మీరు. పంతొమ్మిది పడుతుందని మీకు తెలుసు. తెలిసి పన్నెండని రాశారు. నన్ను వద్దనుకున్నారేమో, కావాలనే రాశారేమో అనుకున్నాను సార్."

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. రూళ్లకర్రకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవడానికి చేతిలో గొడుగు కూడా లేదు. "కాదక్కా. అలిసిపోయి ఆగుతున్నారనుకున్నాను. అది నలుగురికీ తెలియకూడదని తీసేశాను" అన్నాడు.

ఆమె ఆఖరి చుట్టు తిప్పి చావి పైకి తీసింది. ఆ తర్వాత "మంచి పని చేశారు" అని చిన్నగా నవ్వింది. ఆ నవ్వు తిట్టుకంటే నయం కాదు.

వెళ్లబోతూ ఆయన ఇంకొకటి అడిగాడు. అడగడం ఒకసారి అలవాటైతే ఆగదు. "మీరు రానిరోజు ఎవరు కడతారు?"

"సోమవారం నాకు సెలవు. మీటర్ల సెక్షన్ నుంచి ఎవరినో ఒకరిని పంపుతారు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు."

సోమవారం. ఆ రోజు ఆమెకు సెలవని ఆయనకు తెలియంది కాదు, వాల్వు ఎవరు కడతారన్నదే ఎన్నడూ తోచలేదు. ఆ మాట దగ్గర రూళ్లకర్ర అడుగు ఆగిపోయింది.

ఆయన కుర్చీ వెనక గోడలో పెద్ద పైపుకు కలిపిన సన్న పైపు ఒకటి ఉంది. ఏళ్లతరబడి సోమవారం పదిన్నర దాటాక ఆ గోడలో ధడేల్‌మని ఒక చప్పుడు. "సోమవారం అంటే గోడకు కూడా ఏడుపే" అని ఆఫీసంతా నవ్వుకునేది. రూళ్లకర్ర మాత్రం రెండుసార్లు భవనాల సెక్షన్‌కు పద్ధతిగా ఫిర్యాదు రాశాడు. వాళ్లు రెండుసార్లూ మంగళవారం వచ్చి, గోడకు చెవి ఆనించి విని, "శబ్దం లేదు" అని రాసి సంతకం పెట్టి వెళ్లారు.

ఆ శనివారం మధ్యాహ్నం అందరూ వెళ్లిపోయినా ఆయన కదల్లేదు. రెండేళ్ల ఫిర్యాదుల రిజిస్టర్లు దించి, జాయింట్లు ఊడినవన్నీ ఏ రోజువో వేరే కాగితం మీద గళ్లు గీసి ఎక్కించాడు. అరవై మూడింటిలో యాభై ఒకటి సోమవారం మధ్యాహ్నానికీ మంగళవారం సాయంత్రానికీ మధ్య వచ్చినవే. అన్నీ తన దస్తూరీయే. ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు, ఒక్కసారి కూడా చదవలేదు.

సోమవారం పదింబావుకు ఇంజనీరమ్మను బతిమాలి తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. ముందు టీ పెట్టించాడు.

"ఏమిటండీ ఈ నాటకం? అవతల సంతకాలు పెట్టాల్సినవి గుట్ట ఉన్నాయి."

"ఓ ఇరవై నిమిషాలు కూర్చోండి మేడమ్. ఇవాళ వాల్వక్కకు సెలవు."

పక్క బల్లమీది గుమాస్తా "కందకు లేని దురద కత్తిపీటకెందుకో" అని గొణిగాడు. రూళ్లకర్ర తన గడియారం తీసి బల్లమీద పెట్టాడు. పది ముప్పై ఆరుకు గోడలో ధడేల్‌మంది. టీ గ్లాసు సాసర్లో గలగలలాడింది. ఇంజనీరమ్మ కుర్చీలోంచి సగం లేచింది. ఆయన గళ్ల కాగితం ఆమె ముందు పెట్టి, ఎనిమిది నిమిషాల సంగతి, చువ్వల సంగతితో సహా ఉన్నదున్నట్టు చెప్పాడు.

ఆమె ఆ కాగితం చాలాసేపు చూసింది. "నీళ్లు వెనక్కి కొట్టే ఈ దెబ్బ గురించి కాలేజీ పరీక్షలో నాలుగు పేజీలు రాశానండీ నేను. మార్కులు కూడా బాగానే వేశారు" అంది నెమ్మదిగా. తర్వాత అధికారి గొంతుతో అడిగింది. "జాబితా ఆపాలంటే కారణం రాయాలి. తప్పు ఎవరిదని రాయను?"

"నాది. పని చూశాను గాని అడగలేదని రాయండి."

"మీ సర్వీసు పుస్తకంలో ఎక్కుతుంది."

ఇరవై రెండేళ్లు దులిపి తుడిచి పెట్టుకున్న పుస్తకం అది. ఆయన బల్లమీది రూళ్లకర్రను తిన్నగా జరిపాడు. "ఎక్కనివ్వండి" అన్నాడు.

"ఎండు పైపు మీద పరీక్ష పెట్టమన్నది నేను. దాని కింద నా పేరూ ఒక లైను రాయండి" అని ఇంజనీరమ్మ చల్లారిన టీ తాగేసి లేచింది.

మళ్లీ పరీక్ష శుక్రవారానికి పడింది. ఈసారి నీళ్లు పారే అసలు వాల్వు మీద. గడువు అరగంట, కానీ రూళ్లకర్ర కుర్చీ వెనక గోడలోని పైపుకు నీళ్ల ఒత్తిడి చూపే గడియారం బిగించి, ముల్లు ఎర్రగీత దాటితే సున్నా అన్నారు. దిద్దిన మెట్ల జాబితా అందరికీ కనబడేలా నోటీసు బోర్డు మీద పెట్టాలన్నది నియమం. నలభై మూడు మెట్లు. కొత్తగా చేరిన రెండూ ఆగడం గురించే.

దాంతో రూళ్లకర్రకు కొత్త బెంగ పట్టుకుంది. రహస్యం కాస్తా బోర్డెక్కింది కదా, ఇక ఆ ఆరుగురూ ఆగుతారు కదా. బుధవారం వాల్వు దగ్గరికి వెళ్లేసరికి ఆయన భయపడ్డదానికంటే ఎక్కువే కనబడింది. తారాజువ్వ చావి పట్టుకుని నిలబడ్డాడు, వాల్వక్క పక్కనుంచి నేర్పుతోంది.

"వణుకు పోయిందా?"

"పోయిందక్కా."

"పోలేదు. నీ తొందర పోలేదు. ఉండు."

అతను పక్కకు వెళ్లాక రూళ్లకర్ర ఉండబట్టలేక అడిగేశాడు. "ఉన్నది ఒక్క ఉద్యోగం. పోటీకొచ్చినవాడికి మీరే నేర్పితే ఎలా అక్కా?"

"సోమవారం ఎవరు కడతారు సార్? మీ గోడా?" అంది ఆమె.

శుక్రవారం ముగ్గురు ముల్లును ఎర్రగీత దాటించారు. వాల్వక్క కడుతున్నంతసేపూ ముల్లు నిద్రపోతున్నట్టే ఉంది. రెండోసారి కట్టి చూపించమన్నారు, గడియారం చెడిపోయిందేమోనని. తారాజువ్వ రెండో స్థానంలో వచ్చాడు. అతన్ని సెలవు రోజుల మనిషిగా వేశారు. రూళ్లకర్ర జాబితా రాసి, బోర్డు మీద తనే అతికించి, మూలలు నొక్కాడు.

ఆ తర్వాతి సోమవారం పదింబావుకు వాల్వక్క చేరిక కాగితాలు ఇవ్వడానికి ఆఫీసుకు వచ్చింది. రూళ్లకర్ర లేచి తన పక్కనున్న కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు, కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. ఆయన ఫారం నింపుతున్నాడు. పాత ఫారమే, కొత్తవి ఇంకా అచ్చు కాలేదు. ‘చదువు’ అన్న గడి దగ్గరికి వచ్చేసరికి ఆయన రూళ్లకర్ర అందుకుని, ఆ గడి మీద అడ్డంగా ఒక గీత కొట్టాడు. ఆయన చేతిమీదుగా మొదటి కొట్టివేత. గీత మాత్రం తిన్నగానే వచ్చింది.

పదిన్నర దాటింది. గదిలో మాటలు వాటంతట అవే తగ్గాయి. పక్కబల్ల గుమాస్తా టీ గ్లాసు చేతిలోకి తీసుకుని గట్టిగా పట్టుకున్నాడు. వాల్వక్క కుర్చీ దాటి వెళ్లి అరచేయి గోడకు ఆనించింది. తల కాస్త వంచింది. పెదవులు కదులుతున్నాయి, చుట్లు లెక్కపెడుతోంది. పది ముప్పై ఆరు. పది నలభై. పది యాభై కావస్తోంది. గోడ నోరు మెదపలేదు.

"కట్టేశాడు. బాగా కట్టాడు" అని ఆమె చేయి తీసింది.

గదిలో ఎవరో ఊపిరి వదిలారు. ఇంకెవరో "గోడకు జబ్బు నయమైంది" అన్నారు. అందరూ నవ్వారు. రూళ్లకర్ర నవ్వలేదు. ఆయన వాల్వక్కను చూస్తున్నాడు. గోడ దగ్గరినుంచి వెనక్కి తిరిగినప్పుడు ఆమె ఒక చేత్తో నడుము పట్టుకుంది. మూడు వారాల్లో ఎన్నిసార్లు ఆ చేయి అక్కడికి వెళ్లిందో, తాను ఎన్నిసార్లు తల తిప్పుకున్నాడో. ఈసారి తిప్పుకోలేదు.

"అక్కా, అలిసిపోయారా?" అని అడిగాడు.

ఆమె ఆయన వంక చూసింది. నవ్వబోయి, నవ్వలేదు. కుర్చీ ముందుకు లాక్కుని మెల్లగా కూర్చుంది.

"అలిసిపోయాను సార్. పదిహేడేళ్లు. ఎవరైనా అడుగుతారేమోనని చూస్తూనే ఉన్నాను" అంది. "మీ రాత పని మీరు కానివ్వండి. నేను కాసేపు ఊరికే కూర్చుంటాను."

ఆయన కలం కింద పెట్టి, ఆమెకు టీ తీసుకురావడానికి తనే లేచి వెళ్లాడు.